క్లైన్ గ్రిడ్ రివ్యూ: 21 గళ్ళు, ఒక పెన్సిల్

"నేను బైసెక్సువలేనా?" అని వెతికేవాళ్ళకి ముందుగా తగిలేవి పది ప్రశ్నల క్విజ్‌లు. చివర్లో ఒక శాతం, ఒక పేరు చేతిలో పెట్టి పంపేస్తాయి. వాటి జోలికి పోకుండా, ఎవరి వైపు ఎంత మొగ్గు ఉందో గళ్ళలో అంకెలుగా రాసుకునే క్లైన్ గ్రిడ్‌ని నేరుగా తీసుకోమని మా సలహా. దీనికీ లోపాలున్నాయి, కొన్ని పెద్దవే. అయినా ద్విలైంగికత (ఒకటి కంటే ఎక్కువ జెండర్ల వైపు ఆకర్షణ) మీద ఉన్న అపోహలు ఎక్కడ పుడతాయో ఇంత స్పష్టంగా చూపించే కాగితం మరొకటి మాకు కనబడలేదు.

దీన్ని 1978లో ప్రతిపాదించింది ఫ్రిట్జ్ క్లైన్ అనే సైకియాట్రిస్టు. అప్పటికి 30 ఏళ్ళుగా వాడుకలో ఉన్నది అమెరికన్ పరిశోధకుడు ఆల్ఫ్రెడ్ కిన్సీ పెట్టిన స్కేలు. అందులో 0 అంటే పూర్తిగా ఎదుటి లింగం వైపు, 6 అంటే పూర్తిగా సొంత లింగం వైపు. మనసులో కలిగే స్పందననీ, నిజంగా జరిగిన సంబంధాలనీ కలిపి ఒకే అంకె వేసేవారు. చిక్కంతా అక్కడే. ఎవరితో ఉన్నామన్నది ఒకటి, మనసు ఎవరి వైపు పోతుందన్నది ఇంకొకటి. రెండిటినీ కలిపేశాక ఏది ఎంతో మళ్ళీ విడదీయలేం.

క్లైన్ ఆ ఒక్క అంకెని ఏడు వరసలు చేశాడు: లైంగిక ఆకర్షణ, లైంగిక ప్రవర్తన, ఊహలు, మనసుకి దగ్గరయ్యేది ఎవరు, కాలక్షేపం ఎవరితో, ఎలాంటి సమూహంలో మసలుతారు, తమని తాము ఏమని చెప్పుకుంటారు. ఒక్కో వరసకి మూడు గళ్ళు. "ప్రస్తుతం" అంటే గడిచిన 12 నెలలు. "గతం" అంటే అంతకు ముందు జీవితమంతా. "ఆదర్శం" అంటే పూర్తిగా మీ ఇష్టానికే వదిలేస్తే ఎలా ఉండాలనుకుంటారో అది. మొత్తం 21 గళ్ళు, ఒక్కోదాంట్లో 1 నుంచి 7 లోపు అంకె. 1 అంటే ఎదుటి లింగం వాళ్ళే, 4 అంటే ఇద్దరూ సమానంగా, 7 అంటే సొంత లింగం వాళ్ళే. చివరి రెండు వరసల్లో మాత్రం ఇవే అంకెలు స్ట్రెయిట్ నుంచి గే దాకా నడుస్తాయి.

నింపడానికి అరగంట తీరిక, ఒంటరిగా కూర్చునే చోటు కావాలి. పెన్సిల్‌తో రాయండి, పైన తేదీ వేయండి. ఒక వరస అడ్డంగా పూర్తిచేశాకే కింది వరసకి రండి. నిలువుగా నింపుకుంటూ పోతే పై గడిలో వేసిన అంకే కింద కూడా వేసేస్తాం, అన్నీ ఒకేలా ఉండాలన్న తాపత్రయంతో. భాగస్వామి పక్కన ఉండగా నింపితే "ఊహలు" వరస నిజం చెప్పదు. ఫోటో తీసేముందు ఆ ఫోన్ ఫోటోలు ఇంట్లో ఇంకెవరికైనా కనిపిస్తాయేమో చూసుకోండి.

ఇక అసలు సంగతి. ఒక నమూనా వేసి చూద్దాం: పెళ్ళయి ఎనిమిదేళ్ళు, భర్తతో నమ్మకంగా కాపురం చేసుకుంటున్న స్త్రీ. అంకెలు గతం, ప్రస్తుతం, ఆదర్శం అనే క్రమంలో చదవండి. ప్రవర్తన వరసలో 2, 1, 1. ఆకర్షణలో 3, 4, 4. ఊహల్లో 4, 5, 4. చెప్పుకునే పేరులో 1, 3, 4. బయటివాళ్ళకి కనపడేది ఈ పన్నెండు గళ్ళలో ఒక్కటే, ప్రవర్తన వరసలో "ప్రస్తుతం". దాన్ని చూసే "పెళ్ళయిపోయిందిగా, ఇంకేం బై" అనేస్తారు. ఆకర్షణ 4 దగ్గర అలాగే ఉంది, పెళ్ళితో అది చెరిగిపోలేదు. "బై అయితే ఒక్కరితో ఉండలేరు" అనే మాటకి ప్రవర్తన వరసే జవాబు: అక్కడ ఆవిడ ఆదర్శం కూడా 1. మాట మీద నిలబడటం అనేది ఏడు వరసల్లో ఎక్కడా లేదు, ఎందుకంటే అది ఎవరి వైపు ఆకర్షణ ఉందన్నదాన్ని బట్టి వచ్చే గుణం కాదు.

సగం సగం ఉంటేనే బై అన్నది ఇంకో అపోహ. ఆకర్షణలో 2, 2, 2 వచ్చినవాళ్ళూ బైసెక్సువల్ అవుతారు. ఒకటి కంటే ఎక్కువ జెండర్ల వైపు ఆకర్షణ కలిగే వీలుంటే చాలు, అది ఒకే కాలంలో, ఒకే తీరులో, ఒకే మోతాదులో ఉండనక్కర్లేదని అమెరికన్ బైసెక్సువల్ కార్యకర్త రాబిన్ ఓక్స్ ఇచ్చిన నిర్వచనం. గతానికీ ప్రస్తుతానికీ అంకె మారితే "ఇది దశే, దాటిపోతుంది" అంటారు. సైకాలజిస్టు లీసా డైమండ్ 79 మంది స్త్రీలని పదేళ్ళు గమనించి 2008లో ఫలితాలు ప్రచురించారు. బై అనో, ఏ పేరూ వద్దనో చెప్పుకోవడం మానేసినవాళ్ళకంటే కొత్తగా అలా చెప్పుకోవడం మొదలుపెట్టినవాళ్ళే ఎక్కువ. మగవాళ్ళలో ద్విలైంగికత లేనే లేదన్న అనుమానానికి 2005 నాటి ఒక చిన్న ప్రయోగం ఊతమిచ్చింది. 2020లో 500 మందికి పైగా పురుషుల వివరాలు కలిపి చూస్తే ఆ అనుమానం నిలవలేదు. పాత ప్రయోగం చేసినవాళ్ళలో కొందరు ఈ రెండో పరిశోధనలోనూ ఉన్నారు.

లోపాలకొస్తే, పెద్దది కిన్సీ నుంచి వచ్చిందే: ఒక వైపు ఆకర్షణ పెరిగితే రెండో వైపు తగ్గినట్టే లెక్క. ఇద్దరి మీదా గాఢంగా ఆకర్షణ ఉన్నవాళ్ళకీ, ఇద్దరి మీదా అంతంతమాత్రంగా ఉన్నవాళ్ళకీ అదే 4. ఎవరి మీదా ఆకర్షణ కలగనివాళ్ళకి గడే లేదు, కిన్సీ కనీసం ఎక్స్ అనే గుర్తు పెట్టాడు. సైకాలజిస్టు మైకేల్ స్టార్మ్స్ 1980లో రెండు కొలతలు విడివిడిగా ఉండాలని సూచించాడు. అదే పద్ధతిలో ఒక్కో గడిని అడ్డగీతతో రెండు చేసి, స్త్రీల వైపు ఎంత, పురుషుల వైపు ఎంత అని 0 నుంచి 5 వరకు వేర్వేరుగా వేసుకుంటే బాగా పనికొస్తుంది. తమని స్త్రీ అనో పురుషుడు అనో మాత్రమే అనుకోని నాన్‌బైనరీ మనుషులకి గ్రిడ్‌లో చోటు లేదు. దానికి ఇంకో గీత గీసుకోవాల్సిందే. కాలక్షేపం వరస మాత్రం బలహీనం. మగవాళ్ళతోనే ఎక్కువ తిరిగే స్ట్రెయిట్ మగవాడికి అక్కడ 6 పడుతుంది, దానివల్ల తెలిసేదేమీ లేదు.

21 అంకెలూ కూడి సగటు తీసే ఆన్‌లైన్ వెర్షన్లు వాడకండి. వరసల మధ్య తేడా చూపించడానికే పుట్టిన గ్రిడ్ ఇది, సగటు తీస్తే ఆ తేడాయే మాయమవుతుంది. ఏడాది తర్వాత మళ్ళీ నింపేటప్పుడు పాత కాగితం ముందు చూడొద్దు. ఇంకొకరి గురించి మీరు నింపొద్దు.

ఎక్కువ జాగ్రత్త కావాల్సింది "ఆదర్శం" గళ్ళ దగ్గర. ఇంట్లోవాళ్ళు కోరుకునేది, సమాజం మెచ్చుకునేది అక్కడికి తెలియకుండానే వచ్చి చేరుతుంది. అన్ని వరసల్లోనూ ప్రస్తుతం 4, ఆదర్శం 1 పడితే, ఆ 1 ఎవరిదో ఒకసారి అడిగి చూసుకోండి. కౌన్సిలర్ ఎవరైనా ఆ 1 చూపించి "మిమ్మల్ని అక్కడికి చేరుస్తాను" అంటే ఆ కాగితం తీసుకుని బయటికి వచ్చేయండి.