కొబ్బరికాయతో బోరు పాయింటు: పిలవొచ్చు, కాకపోతే దేనికో తెలిసి పిలవండి

గుంటూరు పక్క గోరంట్ల వైపు ఇల్లు మొదలుపెట్టేవాళ్ళంతా ఈ మధ్య నన్నే అడుగుతున్నారు, "మీకు నీళ్ళు చూసినాయన ఎలాంటివాడండీ, పిలవొచ్చా?" అని. మిర్చి యార్డులో గుమాస్తా పని చేసుకునేవాణ్ణి, సీజన్లో ఫోనెత్తి అందరికీ ఇదంతా చెప్పే తీరిక ఉండదు. అందుకే ఒక్కసారే రాసి పెడుతున్నా. పేరూ నంబరూ రాయను. ఆయనకి షాపు లేదు, బోర్డు లేదు, మేస్త్రీల నోటిమాట మీద బతికే మనిషి. కావాలంటే మీ మేస్త్రీనే అడగండి, ప్రతి మేస్త్రీ దగ్గరా ఇలాంటాయన ఒకడుంటాడు.

ముందు రేటు. పాయింటుకి పదిహేను వందలు. పెట్రోలుకి రెండొందలు. నీళ్ళు పడ్డాక "మీ తృప్తి" అంటాడు, ఆ తృప్తి ఐదొందలకు తగ్గితే మొహం మాడ్చుకుంటాడు. పడకపోతే డబ్బు వాపసు ఉండదు, రెండో పాయింటు మాత్రం ఊరికే పెడతాడు. బోరు బండికి అడుగుల లెక్కన పోసే డబ్బుతో చూస్తే ఇదొక మూలకు రాదు, ఎవరూ బేరమాడరు కూడా.

పొద్దున్నే, ఎండెక్కకముందే, టీవీఎస్ ఎక్సెల్ మీద వచ్చాడు. ఎండలో కాయ పలకదట. బండి స్టాండు వేసి నేరుగా పనిలోకి దిగలేదు. టీ అడిగాడు. తాగుతూ మాటల్లో పెట్టి చాలా విషయాలు రాబట్టాడు. పక్కింటి బోరు ఎన్నడుగులు, ఎదురింటి వాళ్ళకి ఎండాకాలంలో నీళ్ళు తగ్గుతాయా, ఇదంతా పొలంగా ఉన్నప్పుడు బావి ఎక్కడుండేది, వానాకాలం నీళ్ళు ఏ పక్కకి పోతాయి. మా ఆవిడ కబుర్లు అనుకుని అన్నీ చెప్పేసింది. ఆ టీ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

తర్వాత చెప్పులు విడిచాడు. పీచు తీసి పిలక ఉంచిన కాయని అరచేతిలో పడుకోబెట్టాడు, పిలక వేళ్ళవైపు. మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి, ముంజేతిని ముందుకు చాపి, స్థలం అంచునుంచి అడుగులో అడుగేస్తూ నడిచాడు. నేను పక్కనే, కాయ మీంచి కళ్ళు తిప్పకుండా ఉన్నా. ఒకచోట పిలక సన్నగా వణికింది. ఇంకో అడుగు వేస్తే కాయ మెల్లగా లేచింది. ఇంకో అడుగుకి నిటారుగా నిలబడింది. ఆయన మణికట్టు మీద నరాలు ఉబ్బాయి, నుదుట చెమట. నటించేవాడికి ఆ చెమట పట్టదు. ముగ్గుపిండితో గుర్తు పెట్టి, "రెండు జలలు కలుస్తున్నాయండీ ఇక్కడ. నూటడెబ్బైకి తడి తగులుద్ది, రెండొందలు దాటితే రెండించుల నీళ్ళు ఖాయం" అన్నాడు.

బండి వచ్చింది, వేశాం. నూట ఎనభై దగ్గర తడి తగిలింది, రెండొందల పది దాటాక నీళ్ళు. రెండించులకి కాస్త తక్కువ. మోటారు దించాం, ఇప్పటికీ పోస్తోంది. రివ్యూ ఇక్కడితో ఆపేస్తే ఐదు నక్షత్రాలు వేసెయ్యాలి. నాకు ఆపబుద్ధి కాలేదు.

ఎందుకంటే ఆ ముగ్గు గుర్తు పడింది ఎక్కడనుకున్నారు? ఈశాన్యం మూల. మా వీధిలో ఆయన పెట్టిన పాయింట్లన్నీ ఈశాన్యమే. తూర్పు ముఖం ఇల్లైనా, దక్షిణం రోడ్డైనా, గంగమ్మతల్లి మా వీధి మొత్తంలో వాస్తు చూసుకునే పారుతోంది! అడిగితే ఆయన నవ్వి, "నైరుతిలో చూపిస్తే మీరు వేయిస్తారా బాబూ?" అన్నాడు. వేయించను. మా ఆవిడ అసలు ఒప్పుకోదు. అంటే జవాబు ఏ మూల రావాలో ఆ స్థలంలో నిలబడ్డ అందరికీ ముందే తెలుసు. కాయకొక్కదానికి తెలియదంటే ఎలా నమ్మేది?

మోసం అంటున్నానని అనుకోకండి. మోసం కాదు, అంతకంటే తమాషా అయింది. పక్క ఖాళీ స్థలంలో కూడా చూడమంటే సరదాపడి చూశాడు. లేచినచోట ఇటుకముక్క పెట్టాం. "ఇప్పుడు కళ్ళకి తువ్వాలు కడతా, మళ్ళీ పడతారా?" అంటే కోపం తెచ్చుకోలేదు, అక్కడే ఆయన మీద గౌరవం పెరిగింది. రెండు చుట్లు తిప్పి వదిలాం. కాయ లేచింది, ఇటుకకి పది గజాల అవతల. మళ్ళీ తిప్పాం, ఇంకోచోట లేచింది. మా మేస్త్రీ నాలుక కరుచుకున్నాడు. ఆయన మాత్రం తువ్వాలు విప్పుకుని, "కళ్ళు కడితే భూమి కనపడొద్దా మరి?" అన్నాడు, నేనేదో బుద్ధిలేని ప్రశ్న వేసినట్టు.

అప్పుడు కాయ నా చేతిలో పెట్టాడు. యార్డులో రోజూ తేమ శాతం మీద గొడవపడేవాణ్ణి, ఇలాంటివి తేలిగ్గా నమ్మను. చెప్పులు విడిచి నడిచా. ఇటుకముక్క దగ్గరికి రాగానే కాయ కదిలింది. నేను కదపలేదు. ఒట్టేసి చెప్తున్నా, ఆపాలని చూశా కూడా. ఆపేకొద్దీ లేచింది. ఒళ్ళు జలదరించింది. కళ్ళు మూసుకుని మేస్త్రీ చెయ్యి పట్టుకు నడిపిస్తే అదే ఇటుక మీంచి దాటిపోయానట, కాయ ఉలకలేదు పలకలేదు.

దీనికి సమాధానం ఎప్పుడో దొరికింది. షెవ్రోల్ అని ఫ్రాన్సులో రసాయన శాస్త్రవేత్త. పాదరసం మీద దారానికి వేలాడదీసిన లోలకం దానంతటదే ఊగుతుందని జనం అంటుంటే తనూ పట్టుకు చూశాడు, ఊగింది. కళ్ళకి గంతలు కట్టించుకుని, కింద ఏముందో తెలియకుండా చేయించుకుంటే పాదరసం ఉన్నా లేకున్నా తేడా కనపడలేదు. ఈ సంగతంతా 1833లో ఆంపియర్‌కి ఉత్తరంగా రాశాడు, మన మీటర్ల మీద పేరుండే ఆంపియరే. ఇక్కడ ఊగుతుంది అని మనసు అనుకుంటే చాలు, మనకి తెలియకుండా కండరం ఆ పని చేసేస్తుంది. దీనికి ఇంగ్లండులో కార్పెంటర్ అనే డాక్టరు 1852లో ఐడియోమోటర్ అని పేరు పెట్టాడు. పేరు తెలుసుకున్నంత మాత్రాన చెయ్యి ఆగదు. ఇంటికొచ్చి ఉంగరానికి దారం కట్టి ప్రయత్నించండి, కదపకూడదని గట్టిగా అనుకుంటూనే ప్రయత్నించండి, మీకే తెలుస్తుంది.

మరి నీళ్ళు పడ్డాయి కదా అంటారు. పడ్డాయి. మా ఎదురాయన ఎవర్నీ పిలవకుండా వాస్తు పుస్తకం చూసి వేయించాడు, ఆయనకీ పడ్డాయి. రెండు సందుల అవతల ఇదే కొబ్బరికాయ పెట్టిన పాయింటులో మూడొందల అడుగులు దాటినా దుమ్మే వచ్చింది, ఆ ఇంటాయన ఇప్పటికీ ట్యాంకరు తెప్పించుకుంటున్నాడు. కానీ ఆ సంగతి నాకు మూడు నెలలకి గానీ తెలియలేదు. పడ్డ బోరు రోజూ పొద్దున మోటారు మోగించి చాటుకుంటుంది. పడనిదాని మీద బండ వేసి పైన తులసికోట కట్టేస్తారు. మనం చెప్పుకునే నమ్మకాలన్నీ బస్తా మూతి దగ్గర పోసిన నిగనిగలాడే కాయలు, అడుగున తాలు ఎంతుందో చెయ్యి పెట్టి చూసేవాడు ఉండడు.

చెయ్యి పెట్టి చూసినవాళ్ళు జర్మనీలో ఉన్నారు. మ్యూనిక్ దగ్గర 1987-88లో ఒక కొట్టం కింది అంతస్తులో నీటి పైపుని అటూ ఇటూ జరుపుతూ, పై అంతస్తులో నీళ్ళు చూసేవాళ్ళని నడిపించారు. సుమారు 500 మందిని వడపోసి 43 మందిని తీసుకున్నారు, 843 సార్లు చూశారు. చేయించినవాళ్ళు కొద్దిమందికి నిజంగానే ఆ శక్తి ఉందన్నారు. అవే లెక్కల్ని తర్వాత జిమ్ ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త తిరగేసి, గాలివాటుగా చెప్పినా ఇంతే వస్తుందని తేల్చాడు. ఒకే కాగితం, రెండు తీర్పులు. మా తమ్ముడు, నేనూ ఇప్పటికీ దీనిమీద వాదించుకుంటాం. వాడు విజయవాడలో ఉంటాడు, బెంజి సర్కిల్ దగ్గర గోరా గారి నాస్తిక కేంద్రం వాళ్ళు నిప్పుల మీద నడిచి, మహిమ లేదు పాడూ లేదని చూపించేవారని ప్రతిసారీ దెప్పుతాడు.

వాడికి నేను చెప్పేది ఒకటే. కాయకి ఏమీ తెలియదు, సరే. ఆయనకి తెలుసేమో కదా! ముప్ఫై ఏళ్ళుగా పొద్దున్నే చెప్పుల్లేకుండా నేల తొక్కుతున్న మనిషి. ఎక్కడ పల్లం, ఎక్కడ పుట్ట, ఏ చెట్టు ఎండాకాలంలోనూ పచ్చగా ఉంది, ఏ బోరు ఎంత లోతు, అన్నీ చూస్తాడు. చెట్లనీ పుట్టలనీ బట్టి నీటిజాడ చెప్పడం మీద వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక అధ్యాయమే రాశాడు, కొత్తదేం కాదు. పైగా ఆ టీ! అక్కడ రాబట్టినదంతా ఆయన బుర్రలో కూడికలై, ఆయనకే తెలియకుండా ముంజేతిలోకి దిగి, కాయని లేపుతోందేమో. కళ్ళకి తువ్వాలు కడితే పోయింది ఆ చదువే. నేను దీన్ని రుజువు చెయ్యలేను. కానీ కొట్టంలో దాచిన పైపుకి చెట్టూ లేదు, పుట్టా లేదు, పక్కింటావిడ కబుర్లూ లేవు. ఈయన పనికి అది సరైన పరీక్ష కాదనే నా అభిప్రాయం. తమ్ముడు దీన్ని "సాగదీయడం" అంటాడు.

నీళ్ళ సంగతికొస్తే, ఎవరు పిలవాలి? తెనాలి వైపు, డెల్టా మట్టిలో ఇల్లయితే ఎవర్నీ పిలవకండి. ఎక్కడ గుచ్చినా నీళ్ళే, కాయ లేవకపోతేనే వింత. బాపట్ల ఇసుక నేలల్లో పైపైనే మంచినీళ్ళు, లోతుకి పోతే ఉప్పు తగులుతుంది, అక్కడ కావలసింది పాయింటు కాదు, ఎక్కడ ఆపాలో తెలిసిన బోరు మేస్త్రీ. కింద రాయి ఉన్నచోటే అసలు చిక్కు. పగుళ్ళలో తప్ప నీళ్ళుండవు, పగులు పక్కకి నాలుగడుగులు తప్పినా దుమ్మే.

అలాంటిచోట జియాలజిస్టుతో రెసిస్టివిటీ సర్వే చేయించండి. భూమిలోకి కరెంటు పంపి, ఎంత అడ్డుకుంటోందో కొలుస్తారు. తడి ఉంటే తక్కువ అడ్డుకుంటుంది. బంకమట్టి ఉన్నా తక్కువే చూపిస్తుంది, అదొక తంటా. ఇంకోటి, లోతు చూడాలంటే వైర్లు దూరం లాగాలి. రెండొందల గజాల స్థలంలో ఎక్కడికి లాగుతారు? కాబట్టి ఇళ్ళ మధ్య మిషనుకీ సగం అంచనాయే. నా స్నేహితుడు లేఔటులో చేయించినప్పుడు వెళ్ళా. ఆ కుర్రాడు మేకులు దిగగొట్టకముందు అడిగిన మొదటి మాట, "సార్, మీకు ఈశాన్యం ఎటు?"

ఎవరితో పాయింటు పెట్టించినా రెండు పనులు మర్చిపోకండి. నీళ్ళూ, భూమీ, చెట్ల కోసం పెట్టిన వాల్టా చట్టం కింద బోరుకి అనుమతి ముందే తీసుకోండి, బోరు బండి వాడు "చూసుకుందాంలే సార్" అంటే వినకండి. పడని గుంత మీద బండ సరిపోదు, అడుగునుంచి మట్టీ రాళ్ళూ పోసి నేలమట్టం దాకా పూడ్పించాలి, 2010లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే.

ఇక మార్కులు. టైముకి రావడానికి పూర్తి మార్కులు. మర్యాదకి పూర్తి మార్కులు, తువ్వాలు కట్టించుకున్నందుకు ఇంకొంచెం ఎక్కువే. జోస్యానికి సగం, అదీ టీ తాగినందుకు. మొత్తం మీద ఐదుకి మూడు. ఇంకో సంగతి, లోతు చెప్పేటప్పుడు ఎప్పుడూ రెండు అంకెలు చెప్తాడు, మధ్యలో ఎక్కడ పడినా ఆయనదే గెలుపు. ఒకటే చెప్పమని పట్టుబట్టండి. కొబ్బరికాయ మాత్రం మీరే కొని పెట్టుకోండి, ఆయన తెచ్చినదానికి విడిగా అరవై వేస్తాడు, పైగా పని అయ్యాక సంచిలో వేసుకుని పోతాడు.