షిమే దొరే: ధనియాల వాసన ముందుగా తగిలిందంటే సీసాలో ఏదో తేడా ఉన్నట్టే

షిమే అనగానే చాలామందికి నీలి లేబుల్‌తో, 9 శాతం ఆల్కహాలుతో వచ్చే ముదురు బీరే గుర్తొస్తుంది. ఇది దాని గురించి కాదు. ఆ బీరు పుట్టే బెల్జియం మఠంలోనే తయారయ్యే 4.8 శాతం లేత బంగారు రంగు బీరు, షిమే దొరే గురించి. ఇందులో ధనియాలు, చేదు నారింజ తొక్క పడతాయి. తీర్పు ముందే చెప్పేస్తాం: తాజాగా దొరికితే ఆ ఇంటి బీర్లలో భోజనంతో హాయిగా తాగదగ్గది ఇదే. పాతబడిన సీసా మాత్రం డబ్బు దండగ.

బెల్జియం దక్షిణాన, ఫ్రాన్స్ సరిహద్దుకు దగ్గర్లో స్కూర్మోఁ మఠం ఉంది. 1850లో ట్రాపిస్టు అనే కేథలిక్ శాఖ సన్యాసులు దాన్ని స్థాపించారు. 1862లో బీరు తయారీ మొదలైంది. ఇప్పటికీ బ్రూ చేసేది మఠం ప్రహరీ లోపలే, అక్కడి బావి నీళ్లతోనే. సీసాల్లో నింపడం మాత్రం కొంచెం దూరంలోని బైయో ఊళ్లో జరుగుతుంది. 1948లో ఫాదర్ థియోడోర్ వేరుచేసిన ఈస్టు వీళ్ల బీర్ల రుచికి వెన్నెముక. ఎర్ర లేబుల్‌ది 7 శాతం, తెల్లది 8, నీలిది 9. ఇవి అమ్మకానికి పెట్టినవి. దొరే మాత్రం సన్యాసుల సొంత భోజనం బల్ల కోసం తయారైన తేలికపాటి బీరు. చాలాకాలం మఠంలోనూ, పక్కనే ఉన్న పొతోప్రే సత్రంలోనూ తప్ప దొరికేది కాదు. 2010ల్లోనే బయటి దుకాణాలకు వచ్చింది.

కొనేటప్పుడు ఒక తేడా తెలిసి ఉండాలి. లేబుల్ మీద ‘ఆథెంటిక్ ట్రాపిస్ట్ ప్రోడక్ట్’ అని ఆరు పలకల ముద్ర ఉంటే, ఆ బీరు మఠం ఆవరణలో, సన్యాసుల పర్యవేక్షణలో తయారైందని, లాభం మఠం ఖర్చులకూ దానధర్మాలకూ పోతుందని అర్థం. ఉత్త ‘అబ్బే’ అని ఉంటే, ఏదో ఒక మఠం పేరుతో మామూలు కంపెనీ తయారుచేసింది కావచ్చు. లెఫ్, గ్రింబర్గెన్, అఫ్లిగెమ్ ఆ కోవలోవే. అంతమాత్రాన అవి చెడ్డవని కాదు. అవి కాస్త తియ్యగా, 6.5 శాతం పైన ఆల్కహాలుతో ఉంటాయి. వాటికి అలవాటుపడిన నాలుకతో దొరే తాగితే మొదటి గుక్కలో పలచగా అనిపిస్తుంది. ఆ పలచదనం లోపం కాదు, ఈ రకం లక్షణమే.

సీసా ఎంపికలోనే సగం పని అయిపోతుంది. ఆల్కహాలు తక్కువ, పైగా దీని అందమంతా పైపైన తేలే వాసనల్లో ఉంది కాబట్టి నీలి షిమేలాగా ఏళ్లతరబడి దాచుకునే బీరు కాదిది. బెస్ట్ బిఫోర్ తేదీ ఎంత దూరంలో ఉంటే అంత మంచిది. ఆరు నెలల్లో గడువు ముగిసే సీసాని తగ్గింపు ధరకిచ్చినా తీసుకోకండి. పాతబడినప్పుడు ముందు హాప్స్ (బీరుకి చేదునీ వాసననీ ఇచ్చే పువ్వులు) పచ్చి వాసన పోతుంది, తర్వాత ధనియాల్లోని నిమ్మ గుణం పోతుంది, చివరికి తేనె కలిపిన తడి అట్టముక్క వాసన మిగులుతుంది. మన దేశంలో కొనేవాళ్లు ఇంకొకటి చూడాలి: దిగుమతి సీసాలు ఓడ కంటైనర్‌లోనూ గోడౌన్‌లోనూ ఎండకి ఎంత ఉడికాయన్నది లేబుల్ చెప్పదు. మూత చుట్టూ జిగురు మరక ఉన్నా, ఒకే పెట్టెలోని సీసాల్లో ద్రవం మట్టం తేడాగా ఉన్నా వదిలేయండి. గోధుమరంగు గాజు వెలుతురుని చాలావరకు ఆపుతుంది గానీ పూర్తిగా కాదు. ట్యూబ్‌లైటు పక్క అరలో నెలలకొద్దీ నిలబడ్డ సీసాకంటే మూసిన పెట్టెలోంచి తీసిచ్చినది మేలు. వెలుతురు తగిలితే హాప్స్ చేదు పదార్థాలు విరిగి, గంధకం కలిసిన ఘాటైన కంపు పుడుతుంది. గాలి ఆడనిచ్చినా అది పోదు.

ఇంటికి తెచ్చాక సీసాని నిలబెట్టే ఉంచాలి. ఇది సీసాలో రెండోసారి పులిసే బీరు, అడుగున ఈస్టు మడ్డి ఉంటుంది. పడుకోబెట్టినా, బండిలో ఊగినా మడ్డి లేస్తుంది. అప్పుడు వెంటనే మూత తీస్తే నురగ పొంగి సగం బల్ల మీదికి పోతుంది. ఫ్రిజ్‌లో ఒక రోజు నిలబెట్టాకే తెరవండి. అలా పెట్టినా, చల్లగా ఉన్నా పొంగిందంటే అది కుదుపు వల్ల కాదు, సీసాలోకి ఇతర సూక్ష్మజీవులు చేరి ఉండొచ్చు. పుల్లటి వాసన గానీ మందుల వాసన గానీ తోడైతే అనుమానం అక్కర్లేదు, పారబోయడమే.

గ్లాసు విషయంలో కంపెనీ మాట మేం వినం. షిమే వాళ్ల వెడల్పాటి పాత్ర నీలి బీరుకి చక్కగా సరిపోతుంది. దొరేకి మాత్రం పొట్ట వెడల్పుగా, మూతి ఇరుగ్గా ఉన్న తులిప్ గ్లాసే మంచిది. ఇంత సున్నితమైన వాసన వెడల్పు మూతిలోంచి రెండు నిమిషాల్లో ఎగిరిపోతుంది. గ్లాసులో సబ్బు గానీ నూనె గానీ కొంచెం మిగిలినా నురగ నిలవదు. పోశాక గోడలకి బుడగలు గుంపులుగా అంటుకున్నాయంటే గ్లాసు శుభ్రంగా లేదని అర్థం. పోసే ముందు చన్నీళ్లతో ఒకసారి తొలిపి, తుడవకుండా అలాగే వాడండి. గ్లాసుని 45 డిగ్రీలు వంచి సగం దాకా పోసి, నిలబెట్టి మిగతాది మధ్యలో పోస్తే మూడు వేళ్ల ఎత్తు తెల్లటి నురగ వస్తుంది. సీసా అడుగున ఒక సెంటీమీటరు వదిలేయండి. ఆ మడ్డి కలిపి తాగితే ఒంటికి చెడేమీ లేదు గానీ, పచ్చి పిండి రుచి వచ్చి మసాలా వాసనని కప్పేస్తుంది.

ఇక అసలు సంగతి, ఉష్ణోగ్రత. ఫ్రిజ్‌లోంచి తీసిన క్షణాన, 4 డిగ్రీల దగ్గర, ఈ బీరుకి రుచే ఉండదు. సోడాలో కొద్దిగా చేదు కలిపినట్టుంటుంది. పావుగంట బయట పెట్టి 7, 8 డిగ్రీలకు రానిస్తే మొదట కాల్చిన బ్రెడ్డు లోపలి భాగం లాంటి మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం) వాసన, వెనకాలే గడ్డి, పువ్వుల గుణమున్న హాప్స్ వస్తాయి. 10 డిగ్రీల దగ్గర నారింజ తొక్క బయటపడుతుంది. పండు రసం తీపి కాదు, గోటితో తొక్క గిల్లినప్పుడు చిమ్మే నూనె. ధనియాలు ఇంకా వెనక, గుక్క మింగాక ముక్కులోంచి గాలి వదిలినప్పుడు మాత్రమే తెలుస్తాయి. 12 దాటితే ఈస్టు పైకి లేచి అరటిపండు వాసన ఎక్కువవుతుంది, బీరు వదులుగా అనిపిస్తుంది. కాబట్టి 33 సెంటీలీటర్ల సీసాని ఇరవై నిమిషాల్లో ముగించడం మంచిది.

నాలుక మీద మొదట సన్నటి తీపి, వెంటనే గ్యాసు గిలిగింత, చివర పొడిగా, శుభ్రంగా ముగిసే చేదు. ఆ చేదులో కొంత హాప్స్‌ది, కొంత తొక్కది. తొక్క చేదు నాలుక వెనక భాగంలో కాస్త ఎక్కువసేపు, కొంచెం వగరుగా నిలుస్తుంది. మాకు ఫిర్యాదు ఉందంటే అక్కడే. గ్యాసు తగ్గేకొద్దీ ఆ వగరు ముందుకొస్తుంది. చివరి రెండు గుక్కలు మొదటి రెండింటి స్థాయిలో ఉండవు.

ధనియాల విషయంలో ఈ బ్రూవరీ పనితనం మెచ్చుకోవాల్సిందే. చారులో ధనియాలు లేకపోతే తెలుస్తుంది గానీ, ఉన్నప్పుడు ‘ఇదిగో ధనియాలు’ అని ఎవరూ అనరు కదా, ఇక్కడా అదే లెక్క. మసాలా వేసే బెల్జియం శైలి బీర్లలో ఎక్కువగా దారితప్పేది ఈ దినుసే. ధనియాల పరిమళంలో ప్రధానమైనది లినలూల్, పువ్వుల వాసన దాని వల్లే. అది మితంగా ఉంటే నిమ్మకి తోడవుతుంది, మోతాదు దాటితే సబ్బు వాసన కొడుతుంది. ఇంకా పెరిగితే ఉడికించిన పొగమాంసం లాంటి వాసన వస్తుంది. దీన్ని బీరు పోటీల్లో న్యాయనిర్ణేతలు లోపంగానే లెక్కిస్తారు. దొరే తాజా సీసాలో ఈ రెండూ లేవు. మీ సీసాలో సబ్బు వాసన ముందుగా తగిలిందంటే, ముందు తేదీ చూడండి, తర్వాత గ్లాసు ఎలా కడిగారో చూడండి.

ఇక్కడ మనకి సంబంధించిన సంగతొకటుంది. విదేశీ హోంబ్రూయర్లు (ఇంట్లోనే బీరు తయారుచేసుకునేవాళ్లు) ఈ పనికి ఏరికోరి కొనేది మన దేశపు ధనియాలే. కోలగా, లేత రంగులో ఉండే మన గింజలో నిమ్మ గుణం ఎక్కువ, ఆకుకూర పసరు తక్కువ అని వాళ్ల అనుభవం. పెద్ద గింజ రకాల్లో నూనె తక్కువ, 1 శాతంలోపే. రష్యా వైపు పండే చిన్న గింజల్లో అంతకు కొన్ని రెట్లు ఉంటుంది. అందుకే అక్కడి రెసిపీలోని గ్రాములు మన ధనియాలకి యథాతథంగా పనికిరావు, మనవి కాస్త ఎక్కువే పడతాయి. ఆంధ్రలో రబీ ధనియాలు జనవరి, ఫిబ్రవరిల్లో కోతకొస్తాయి, మార్చికల్లా బజారులో కొత్త పంట దొరుకుతుంది. ఏడాది పాత గింజ కూరకి నడుస్తుంది గానీ బీరుకి నడవదు.

హోంబ్రూయింగ్‌కు చట్టం అనుమతించే దేశాల్లో ఉన్న తెలుగువాళ్లలో ఎవరికైనా ఈ శైలి ప్రయత్నించాలనుంటే, 20 లీటర్లకి మా లెక్క ఇది: పిల్స్‌నర్ మాల్టు 3 కిలోలు, గోధుమ మాల్టు 300 గ్రాములు, పంచదార 350 గ్రాములు. మొదటి గ్రావిటీ (పులియకముందు, నీళ్లతో పోల్చిన సాంద్రత) 1.045 దగ్గర, చివరిది 1.008 దగ్గర ఉంటే ఆల్కహాలు 4.8 శాతం వస్తుంది. చేదు 25 ఐబీయూ (బీరు చేదుని కొలిచే ప్రమాణం) చాలు. ధనియాలు 10 గ్రాములు కచ్చాపచ్చాగా దంచి, మరుగు ఆపడానికి 5 నిమిషాల ముందు వేయాలి. పొడి చేస్తే వడపోతలో ఆగదు, వగరు దిగుతుంది. ముందే వేస్తే వాసన ఆవిరితో పోతుంది. ఎండిన చేదు నారింజ తొక్క 8 గ్రాములు కూడా అప్పుడే. తొక్క లోపలి తెల్లటి పొర మందంగా ఉంటే గీకేయండి, పైన చెప్పిన వగరుకి మూలం అదే. వైఈస్ట్ 1214, డబ్ల్యూఎల్‌పీ 500 ఈస్టులు ఈ మఠం వంశంవేనని హోంబ్రూయర్లలో గట్టి నమ్మకం. 18 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, మూడో రోజు నుంచి 22 దాకా పెరగనివ్వండి. మొదటి రెండు రోజుల్లోనే 24 దాటితే అరటిపండు తప్ప ఇంకేం మిగలదు. సీసాలకి మొత్తం 165 గ్రాముల పంచదార కలిపితే గ్యాసు 3 వాల్యూములకి (బీరు పరిమాణానికి మూడింతలు) చేరుతుంది. ఆ ఒత్తిడికి మందపాటి సీసాలే వాడాలి, పలచనివి పగులుతాయి.

దగ్గరి బీర్లతో పోలిస్తే: వెస్ట్‌మాల్ ఎక్స్‌ట్రా కూడా 4.8 శాతమే, అదీ సన్యాసుల బల్ల మీది బీరే. మసాలా లేదు, హాప్స్ మీదే నడుస్తుంది. చేదు ఇష్టమైనవాళ్లకి అదే నచ్చుతుంది. హుగార్డెన్‌లో ఇవే రెండు దినుసులున్నా గోధుమ వల్ల మబ్బుగా, మెత్తగా ఉంటుంది, చివర ఈ పొడితనం ఉండదు. హైదరాబాద్, బెంగళూరు బ్రూపబ్బుల్లో ‘బెల్జియన్ విట్’ (గోధుమ బీరు) తాగి ఇష్టపడినవాళ్లకి దొరే ఎక్కడం తేలికే, కాకపోతే చేదు ఒక మెట్టు ఎక్కువని తెలిసి వెళ్లాలి.

తిండి సంగతి: షిమే మఠం జున్నులు 1876 నుంచి ఉన్నాయి, వాటితో ఇది సహజంగానే కుదురుతుంది. మన వంటల్లో కారం తక్కువ వేసిన చేపల వేపుడు, అల్లం పెసరట్టు, నిమ్మకాయ పిండిన వేరుశెనగ గుగ్గిళ్లు బాగుంటాయి. గుంటూరు కారం దట్టించిన కోడి వేపుడు మాత్రం వద్దు. గ్యాసు, చేదు రెండూ కలిసి కారాన్ని రెట్టిస్తాయి. మంట చల్లార్చడానికి గబగబా తాగేస్తే దొరేకీ మామూలు లాగర్‌కీ తేడా తెలియదు, అలాంటి పూటకి ఆ లాగరే చవక.