"మా పేటెంట్లు మీ మీద వాడం" అన్న హామీ చూసి కొంటున్నారా, కాస్త ఆగండి

ఓపెన్ సోర్స్ లైబ్రరీకి (ఎవరైనా తీసుకుని మార్చుకోగల రెడీమేడ్ కోడ్) డబ్బు కట్టి సపోర్ట్ తీసుకునేటప్పుడు, సేల్స్ వాళ్లు "మా పేటెంట్లన్నీ ఓపెన్ సోర్స్‌కి వదిలేశాం సార్, టెన్షన్ పడకండి" అంటే వెంటనే సంతకం పెట్టకండి. మేం పెట్టాం. కంపెనీ పేరు చెప్పను, నాకు ఇంకో గొడవ వద్దు.

మాది ఆరుగురి కంపెనీ. వీడియో కంప్రెస్ చేసే లైబ్రరీ ఒకటి తీసుకుని, కొంచెం మార్చి మా ప్రొడక్ట్‌లో కలిపి, అమెరికా క్లయింట్‌కి అమ్మబోయాం. ఉత్త ప్రోగ్రాంకి పేటెంట్ ఇవ్వకూడదని మన చట్టంలో ఉంది కదా అని ధీమా, కానీ సరుకు అమ్మేది అక్కడైతే చట్టమూ అక్కడిదే. రాత్రి తొమ్మిదిన్నర కాల్‌లో క్లయింట్ లాయరమ్మ ఆ హామీ పీడీఎఫ్ తెరిచి, నాలుగో పేజీలో ఒక్క వాక్యానికి పసుపు రంగు పూసి చూపించింది. కోడ్ మార్చకుండా వాడేవాళ్లకే హామీ అట. మేం మార్చాం, అయిపోయింది. పేటెంట్ కేసు వస్తే మీరే భరిస్తామని రాసివ్వండి అని అమ్మినవాళ్లకి మెయిల్ పెడితే, పదకొండు రోజులకి "మీ లాయర్‌ని సంప్రదించండి" అని ఒక్క లైను జవాబు. కట్టిన డబ్బు పోయింది, ఆ లైబ్రరీ పీకేసి వేరేది పెట్టడానికి రెండున్నర నెలలు పట్టింది.

మా ఖర్మే అనుకున్నా, తర్వాత పాత కథలు చదివితే పెద్దవాళ్ల దగ్గరా ఇదే తంతు. 2005లో ఐబీఎం 500 పేటెంట్లు ఓపెన్ సోర్స్ వాళ్ల మీద వాడమని ప్రకటించింది (అంతకు ముందు ఒక్క 2004లోనే దానికి అమెరికాలో మూడు వేలకు పైగా పేటెంట్లు వచ్చాయి, అంటే 500 సముద్రంలో కాకిరెట్ట). 2010లో అదే ఐబీఎం, తన భారీ కంప్యూటర్ల (మెయిన్‌ఫ్రేమ్) సాఫ్ట్‌వేర్‌ని మామూలు కంప్యూటర్ మీద నడిపించే హెర్క్యులెస్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంతో వ్యాపారం చేయబోయిన టర్బోహెర్క్యులెస్ అనే ఫ్రాన్స్ కంపెనీకి ఉత్తరం రాస్తూ పేటెంట్ల జాబితా జత చేసింది. అందులో రెండు ఆ 500లోవే! కేసు వేయలేదు, మాట మీదే ఉన్నాం అని కూడా చెప్పింది, ఒప్పుకుంటా. కానీ అలాంటి జాబితా మీ మెయిల్‌కి వస్తే నిద్ర పడుతుందా?

టెస్లా 2014లో తన పేటెంట్లు "సదుద్దేశంతో" వాడేవాళ్ల మీద కేసులు వేయమంది. ఆ సదుద్దేశానికి అర్థం కూడా వాళ్లే రాసుకున్నారు, మీరు టెస్లా మీద పేటెంట్ కేసు వేస్తే సదుద్దేశం పోయినట్టే. ఫేస్‌బుక్, వెబ్‌పేజీలు కట్టే తన రియాక్ట్ లైబ్రరీతో ఇలాంటి షరతే పెడితే, 2017 జూలైలో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు నడిపే అపాచీ ఫౌండేషన్ రియాక్ట్‌ని తన ప్రాజెక్టుల్లో వద్దంది, సెప్టెంబర్‌కల్లా ఫేస్‌బుక్ దిగొచ్చి ఎంఐటీ లైసెన్స్‌కి (లైసెన్స్ అంటే కోడ్ వాడుకునే షరతుల కాగితం) మార్చింది. ఆ ఎంఐటీలో పేటెంట్ అన్న మాటే లేదు, అది ఇంకో తలనొప్పి.

ఇప్పుడు నేను, కంపెనీలు బ్లాగులో రాసిన హామీ, ప్రెస్ నోట్ పక్కన పడేసి లైసెన్స్ ఫైల్ తెరుస్తా. అపాచీ 2.0 అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్‌లో మూడో సెక్షన్‌లో పేటెంట్ అనుమతి లైసెన్స్‌లోనే ఉంటుంది, అలాంటిది ఉందా అని చూస్తా. తర్వాత రెండు ప్రశ్నలు మెయిల్‌లో అడుగుతా: కోడ్ మార్చి అమ్మితే హామీ వర్తిస్తుందా, రేపు మీరు ఆ పేటెంట్ వేరేవాళ్లకి అమ్మేస్తే వాళ్లు కూడా కట్టుబడి ఉంటారా? ఫోన్‌లో చెప్తాం అంటే ఒప్పుకోవద్దు, మాకు ఫోన్‌లోనే చెప్పారు. నిన్న మళ్లీ అదే సేల్స్ అబ్బాయి ఫోన్ చేశాడు, రెన్యూవల్‌కి పది శాతం డిస్కౌంట్ అట.