ఉద్యోగం మానేసి సేవా, చేస్తూనే సేవా?

రుషికొండ ఐటీ హిల్స్‌లోనో, స్టీల్ ప్లాంట్‌లోనో మంచి జీతం తీసుకుంటూ, ఇదంతా వదిలేసి సేవలోకి వెళ్లిపోదామనుకునేవాళ్లు విశాఖలో తక్కువేం కాదు.

ఉద్యోగంలోనే ఉంటే ఇవ్వడానికి చేతిలో డబ్బుంటుంది. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు విరాళాల మీద పన్ను మినహాయింపూ వస్తుంది, కొత్త దాంట్లో రాదు. కాకపోతే మీకు ఖాళీ దొరికేది ఆదివారం. మన్యంలోని పాడేరు నుంచి విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వచ్చిన రోగికి ఓపీ చీటీ దగ్గర, స్కానింగ్ దగ్గర మనిషి తోడు కావాల్సింది మాత్రం సోమవారం పొద్దున్నే!

మానేస్తే ఆ సోమవారం మీ చేతిలో ఉంటుంది. కానీ జీతంతో పాటు కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కూడా పోతుంది. అమ్మానాన్నలు దాని మీదే ఆధారపడితే రాజీనామాకు బాగా ముందే సొంత పాలసీ తీసుకోవాలి. పాత జబ్బులకు క్లెయిమ్ ఇవ్వకుండా బీమా కంపెనీ మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు మరి. ఐదేళ్ల సర్వీసు నిండకపోతే మామూలుగా గ్రాట్యుటీ రాదు, పీఎఫ్ తీస్తే పన్ను పడొచ్చు. ఇంట్లో గొడవ సంగతి సరేసరి.

ఇంటి లోన్ ఈఎంఐ నడుస్తున్నంతకాలం నా ఓటు ఉద్యోగం చేస్తూనే సేవకి. అప్పుల్లేక, రెండేళ్ల ఖర్చు బ్యాంకులో ఉంటే మానేయడానికి. అప్పుడైనా ముందు జీతం లేని సెలవు పెట్టి, ఆస్పత్రి వరండాలో గంటలు గంటలు నిలబడే ఓపిక ఉందో లేదో చూసుకోండి.