పాత గ్యాస్ పైపులోకి పసుపు పైపు దూర్చి ఏడేళ్ళు: మా అపార్ట్‌మెంట్ అనుభవం

మాది మారతహళ్లి దగ్గర పాత అపార్ట్‌మెంట్, మూడు బ్లాకులు. వెనక ప్రహరీ పక్కన గ్యాస్ బ్యాంకు, అంటే 47.5 కిలోల సిలిండర్లు వరసగా పెట్టి అక్కణ్ణించి భూమిలో రెండంగుళాల జీఐ పైపు (జింకు పూత పూసిన ఇనుప పైపు) వేసి బ్లాకులకి ఎల్పీజీ ఇచ్చే పద్ధతి. కట్టినప్పుడు వేసిన పైపు, ఎవరూ తొంగి చూసింది లేదు. 2017 చివర్లో బేస్‌మెంట్ పార్కింగ్‌లో డ్రైన్ చాంబర్ దగ్గర వాసన మొదలైంది. ఎల్పీజీ గాలికన్నా బరువు కదా, పైకి పోదు, నేల పట్టుకుని పాకి గుంటల్లో చేరుతుంది, అందుకే బేస్‌మెంట్‌లో వాసన వస్తే ఆ రోజు ఎవ్వరికీ నిద్రపట్టలేదు. మెయిన్ వాల్వ్ కట్టేసి, పదిరోజులు అందరూ ఇండక్షన్ స్టవ్ మీద గడిపాం, మా ఆవిడ అయితే "ఏమండీ, దీని మీద పుల్కా పొంగించి చూపించండి" అని రోజూ నాకే సవాలు.

తవ్వి చూస్తే పైపు చాలాచోట్ల తుప్పు, మర బిగించిన అతుకుల దగ్గర మరీ ఘోరం. దాని మీదుగా రోజూ నీళ్ళ ట్యాంకర్లు నాలుగైదు తిరుగుతాయి, బెంగళూరులో ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు. మొత్తం తవ్వి కొత్తది వెయ్యాలంటే డ్రైవ్‌వే కాంక్రీటంతా పగలాలి, దాని కిందే కరెంటు కేబుళ్ళు, కావేరి నీళ్ళ లైను. అప్పుడు కాంట్రాక్టరు చెప్పిన దారి ఏంటంటే, పాత జీఐ పైపుని తియ్యకుండా దాన్నే కవచంలా వాడుకుని లోపలికి 32 ఎంఎం పసుపు ఎండీపీఈ పైపు, అంటే గ్యాస్‌కి వాడే ఒకరకం ప్లాస్టిక్ పైపు లాగెయ్యడం. నాకు నమ్మకం కుదర్లేదు. మా చెల్లెలి కొడుకు ఇంగ్లండ్‌లో ఉంటాడు, వాడికి ఫోన్ చేస్తే "మామయ్యా, మా వీధిలో ఇదే చేశారు" అన్నాడు. అక్కడ 2002 నుంచి ఇళ్ళకి 30 మీటర్ల లోపు ఉన్న పాత ఇనుప గ్యాస్ లైన్లని 30 ఏళ్ళలో మార్చెయ్యాలని పెద్ద ప్రోగ్రాం పెట్టుకున్నారు, అందులో ఈ దూర్చే పని చాలానే ఉందట. సరే అనుకున్నాం. 2018 ఫిబ్రవరిలో పని జరిగింది.

పని చూడముచ్చటగా ఉంది, అబద్ధం ఎందుకు. పైపు చుట్టలుగా వస్తుంది, తిన్నని లైన్‌లో అయితే రెండు చివర్లా రెండు గుంటలు చాలు, ముందు తీగె పంపి, దానికి పైపు ముక్కు కట్టి లాగుతారు. కానీ ఎల్బో వచ్చిందంటే అయిపోయింది, తొంభై డిగ్రీల మలుపులో ఇది తిరగదు, అక్కడ గుంట తవ్వి ఎల్బో కోసి తీసెయ్యాల్సిందే. మాకు మూడు గుంటలు అనుకుంటే ఏడయ్యాయి, ఎందుకంటే పాత ప్లాన్‌లో లేని మలుపులు భూమిలో ఉన్నాయి.

సూపర్‌వైజర్ మదనపల్లె వైపు అబ్బాయి. లాగడం అయిపోయిన సాయంత్రం మా సెక్రటరీ గారు, ఇంకేం, కోసి జాయింట్ వేసెయ్యి, రేపు పండగ వంట చేసుకోవాలి అంటే, "వద్దు సార్, ఇప్పుడే కోసేస్తే పొద్దునకి పైపు లోపలికి ఎనక్కి పోతాది, ఒక రాత్రి పడుకోనీండి దాన్ని" అన్నాడు. లాగినప్పుడు పైపు సాగుతుంది, పైగా ఎండలో వేడెక్కి ఉంటుంది, భూమిలోకి పోయి చల్లబడ్డాక కుంచించుకుంటుంది. మా పొడవైన ముక్క 45 మీటర్లు, పది డిగ్రీల తేడాకే దాదాపు ఎనిమిది సెంటీమీటర్లు తగ్గుతుంది. ఆ అబ్బాయి మాట వినకపోయుంటే ఏమయ్యేదో. ఇలా పని తెలిసిన సూపర్‌వైజర్ ఉన్నాడో లేదో ముందే చూసుకోండి, పైపు బ్రాండ్ కన్నా అదే ముఖ్యం.

ఇప్పుడు వాడకం సంగతి. మొదటి దెబ్బ ఆ ఆగస్టులో, వరలక్ష్మీ వ్రతం పొద్దున. ఏడింటికి బి బ్లాక్ నాలుగో అంతస్తు నుంచి ఫోన్, "అన్నయ్య గారూ, మంట చూడండి చిక్కుడు గింజంత ఉంది, బూరెలు ఎలా వేగుతాయి" అని. అందరూ ఒకేసారి స్టవ్‌లు వెలిగించారు మరి. లెక్క చాలా సింపుల్, పాత పైపు లోపలి వెడల్పు 53 ఎంఎం దాకా ఉండేది, ఇప్పుడు లోపలి పైపుది 26 ఎంఎం, అంటే గ్యాస్ పోయే దారి నాలుగో వంతుకి పడిపోయింది. అలా సన్నగా చేసినప్పుడు భూమిలో లైన్‌ని కాస్త ఎక్కువ ప్రెషర్‌తో నడిపి, ప్రతి బ్లాక్ దగ్గర రెగ్యులేటర్ పెట్టి స్టవ్‌కి కావాల్సిన 30 మిల్లీబార్‌కి దించాలి. కొటేషన్‌లో ఆ రెగ్యులేటర్లు ఉన్నాయి, డబ్బు మిగల్చాలని మా కమిటీయే కొట్టేయించింది. ఆ కమిటీలో నేనూ ఉన్నాను, ఒప్పుకుంటున్నా. తర్వాత అవి పెట్టించాక ఇప్పటిదాకా మంట గురించి ఒక్క కంప్లయింట్ లేదు, ఉగాదికి కూడా.

రెండోది, పైపు బయటికొచ్చే చోటు. ఎ-బ్లాక్ గోడ దగ్గర ఆ పసుపు పైపుని అడుగు ఎత్తు వరకు నేల మీద బయటికి వదిలేసి అక్కడ జీఐకి కలిపేశారు. ఈ ప్లాస్టిక్ ఎండకి పాడవుతుంది, ప్లాస్టిక్‌ని ఇనుముకి కలిపే ముక్క, అదే ట్రాన్సిషన్ ఫిట్టింగ్, నేల కిందే పెట్టి అక్కణ్ణించి పైకి ఇనుప పైపే రావాలి. ఆరునెలలు వెంటపడితే గాని మార్చలేదు. అలాగే పాత జీఐ పైపు కోసిన అంచు బ్లేడులా ఉంటుంది, నేల కాస్త కుంగితే పసుపు పైపు ఆ అంచు మీద కూర్చుంటుంది, అందుకే అక్కడ నున్నగా రాకి, బుష్ (అంచుకి తొడుగు) పెట్టాలి. మా రెండు చోట్ల పెట్టలేదు, మేం టార్చ్ వేసి చూసి పెట్టించాం.

మూడోది నన్ను నిజంగా భయపెట్టింది. 2023 వానాకాలంలో సి బ్లాక్ మూల దగ్గర సన్నటి వాసన. అక్కడే తవ్వించాం, సబ్బునీళ్ళు పోశాం, ఒక్క బుడగ రాలేదు. రెండోరోజు ఇంకో పక్క తవ్వించాం, ఏమీ లేదు. విషయం ఏంటంటే కొత్త పైపుకి, పాత పైపుకి మధ్య ఖాళీ ఉంటుంది కదా, లీకు ఎక్కడైనా గ్యాస్ ఆ ఖాళీలోంచి ప్రయాణం చేసి సీల్ బలహీనంగా ఉన్న చివర తేలుతుంది. లీకు ఒక ఊళ్ళో, వాసన ఇంకో ఊళ్ళో అన్నట్టు. చివరికి లైన్‌ని ముక్కలు ముక్కలుగా మూసి ప్రెషర్ గేజ్ పెట్టి చూస్తే, ఇరవై మీటర్ల దూరంలో ఎల్బో తీసేసిన గుంటలో ఉన్న ఎలక్ట్రోఫ్యూజన్ కప్లర్‌ది (కరెంటు పెట్టి కరిగించి రెండు పైపుల్ని అతికే తొడుగుది) తప్పు అని తేలింది. కోసి చూస్తే పైపు పైపొర సరిగ్గా గీకకుండానే కప్లర్ తొడిగి కరెంటు పెట్టేసినట్టుంది, అతుకు పట్టలేదు, అయిదేళ్ళు ఎలా నిలిచిందో దేవుడికే తెలియాలి. పసుపు పైపుని రెండు పక్కలా బిగింపుతో నొక్కి ఆ ముక్క వరకే గ్యాస్ ఆపి, ఒక పూటలో కొత్త కప్లర్ వేశారు. ఆ సౌకర్యం మాత్రం ఇనుప పైపుకి లేదు. ఆ తర్వాత ప్రతి చివరా సీల్ మార్చి, బిల్డింగ్ వైపు చివర నుంచి సన్నటి వెంట్ గొట్టం ఆరుబయటికి తీయించాం.

మంచి కూడా చెప్పాలి. 2022లో ఫైబర్ కేబుల్ వాళ్ళు ఎవరినీ అడక్కుండా బ్రేకర్ పెట్టి డ్రైవ్‌వే పగలగొట్టారు, సూటిగా మా జీఐ పైపు మీదే పడింది. పాత పైపు సొట్ట పోయింది, లోపలిది చెక్కుచెదరలేదు, రాత్రంతా గేజ్ పెట్టినా ముల్లు కదల్లేదు. ఎలకలు కొరికే భయం లేదు, తుప్పు మాటే లేదు. కప్లర్లు, చివర్లు తప్పిస్తే మధ్యలో పైపు ఈ ఏడేళ్ళలో మమ్మల్ని ఒక్కసారి కూడా పలకరించలేదు.

మీరు చేయించుకుంటే గుంట పూడ్చేముందు ప్రతి జాయింట్‌కి ఫోటో తీసి, గోడ నుంచి ఎన్ని అడుగులో రాసి పెట్టుకోండి. మాకు 2023లో ఆ ఫోటోలుంటే రెండు గుంటలు తవ్వే పని తప్పేది.

ఇప్పుడు మా రోడ్డులో పీఎన్‌జీ (పైపులో వచ్చే సహజవాయువు) లైను పడింది, దానికి మారదామా అని గ్రూపులో రోజూ గొడవ. ఆ గ్యాస్‌కి ఘనపు మీటరుకి వేడి ఎల్పీజీలో సగం కూడా ఉండదు, అంటే అదే వంటకి రెండున్నర రెట్లు గ్యాస్ ఆ 26 ఎంఎం దారిలోంచే పోవాలి. వాళ్ళ ఇంజనీరు వచ్చి పండగ పొద్దున లోడ్ లెక్కేసి కాగితం మీద ఇస్తేనే ఈ పైపుని వాడనిస్తాం, లేకపోతే వాళ్ళ పైపు వాళ్ళు వేసుకోవాలి. ఈసారి కొటేషన్‌లో ఏదీ కొట్టేయనివ్వను, మీటింగ్‌లో ముందే చెప్పేశా.