జింక వేటకు .243 వించెస్టర్: చాలా సీజన్లు వాడాక

టెక్సస్ హిల్ కంట్రీలో వైట్‌టెయిల్ జింకల వేటకు చాలా సీజన్లుగా నేను వాడుతున్నది .243 వించెస్టర్ అనే రైఫిల్ తూటా. ఎంచుకోవడానికి కారణం ఒక్కటే: భుజాన్ని గట్టిగా తన్నదు. నాది బక్కపలచని ఒళ్లు. అంతకన్నా పెద్ద తూటా .30-06తో కాసేపు సాధన చేశానంటే చాలు, ట్రిగ్గర్ మీద వేలు పడగానే కళ్లు వాటంతటవే మూసుకుపోతాయి.

ఎనిమిది పౌన్ల .30-06 రైఫిల్ సుమారు 20 అడుగు-పౌన్ల శక్తితో వెనక్కి తంతుంది. 100 గ్రెయిన్ల (దాదాపు ఆరున్నర గ్రాముల) బుల్లెట్ వేసిన ఏడున్నర పౌన్ల .243 రైఫిల్‌లో అది 9 దరిదాపుల్లో ఉంటుంది. ఈ తేడాని నొప్పితో కొలవకండి, గురితో కొలవండి. దెబ్బ పడుతుందని ఒంటికి ముందే తెలిస్తే బుల్లెట్ బ్యారెల్ దాటకముందే భుజం బిగుస్తుంది, గురి జారుతుంది. జింక ఛాతీలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు ఎనిమిది అంగుళాలే. అది తప్పితే ఎంత పెద్ద తూటా అయినా ఆ జంతువు గాయంతో పొదల్లోకి పరుగెత్తి గంటల తరబడి యాతన పడుతుంది. అలాంటి చావు ఏ జింకకూ రాకూడదు. తన్ను తక్కువ ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

ఈ తూటా 1955లో వచ్చింది. .308 వించెస్టర్ అనే తూటా గొట్టం మూతిని 6 మిల్లీమీటర్లకు సన్నం చేసి తయారుచేశారు. అదే ఏడాది రెమింగ్టన్ కంపెనీ .244 తెచ్చింది కానీ, దాని బ్యారెల్‌లో బుల్లెట్‌ను తిప్పే గాడుల మెలిక 12 అంగుళాలకు ఒక చుట్టు, తేలిక బుల్లెట్లకు సరిపడేది. వించెస్టర్ 10 అంగుళాల మెలికతో 100 గ్రెయిన్ల బుల్లెట్ ఇచ్చింది. జింకల వేటగాళ్లు అటే మొగ్గారు.

ఇప్పటికీ అసలు సంగతి బుల్లెట్‌లోనే ఉంది. అంగట్లో చవగ్గా దొరికే 55, 58 గ్రెయిన్లవి కయోటీల (నక్కలాంటి చిన్న జంతువుల) కోసం చేసినవి, జింకకు తగిలితే పైపైనే పగిలిపోతాయి. నేను నోస్లర్ పార్టిషన్ అనే బుల్లెట్ వాడతాను, 95 లేదా 100 గ్రెయిన్లు. లోపల అడ్డుగోడ ఉంటుంది కాబట్టి ముందు భాగం విచ్చుకున్నా వెనక భాగం చెదరకుండా లోతుకు దిగుతుంది. పూర్తిగా రాగితో చేసిన 80 గ్రెయిన్ల బార్న్స్ కంపెనీ బుల్లెట్ కూడా నమ్మదగినదే.

లోపం కూడా చెప్పాలి. బుల్లెట్ బయటికి వచ్చే రంధ్రం చిన్నది, ఒక్కోసారి అసలు బయటికే రాదు. నెత్తుటి జాడ పలచగా ఉంటుంది, సీడార్ పొదల్లో వెతకడం కష్టం. అందుకే జింక అడ్డంగా నిలబడేదాకా ఆగుతాను. నాకు ఎదురుగా ఏటవాలుగా ఉంటే కాల్చను. రెండు వందల గజాలు దాటినా అంతే. ఎల్క్ (చాలా పెద్ద జాతి జింక) వేటకైతే దీన్ని తీసుకెళ్లొద్దు.

వేరే తూటాల్లో 6.5 క్రీడ్‌మూర్ (2007), 7ఎంఎం-08 రెమింగ్టన్ (1980) రెండూ మంచివే. తన్ను 12, 13 అడుగు-పౌన్ల దగ్గర ఉంటుంది, బుల్లెట్ బరువు, దెబ్బ బలం ఎక్కువ. భుజం ఓర్చుకోగలిగితే 7ఎంఎం-08 తీసుకోమంటాను. ఓర్చుకోలేని వాళ్లకు, పిల్లలకు .243 మేలు.

తుపాకీ బరువును మాత్రం మరవొద్దు. అయిదున్నర పౌన్ల రైఫిల్‌లో ఇదే తూటా బాగా తంతుంది. పొట్టివాళ్లు బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) పొడవు తమకు సరిపడేలా చూసుకుని, మెత్తటి రబ్బరు ప్యాడ్ వేయించుకోవాలి. బ్యారెల్ చివర బిగించే మజిల్ బ్రేక్ తన్ను తగ్గించినా చెవులు పగిలేంత మోత చేస్తుంది, నాకు నచ్చదు. టెక్సస్‌లో వేటకు సప్రెసర్ (సైలెన్సర్) వాడొచ్చు, అది తన్నునీ మోతనీ రెంటినీ తగ్గిస్తుంది.

టెక్సస్‌లో జింకకు సెంటర్‌ఫైర్ (అడుగున మధ్యలో పేలుడు మందు ఉండే) తూటా అయితే చాలు, కనీస కొలత లేదు. కొలరాడోలో బుల్లెట్ వ్యాసం కనీసం .24 అంగుళం ఉండాలి, ఇది అక్కడా చెల్లుతుంది. హెచ్-1బీ వంటి వీసా మీద ఉన్న మనవాళ్లు ఒకటి గమనించాలి: ఫెడరల్ చట్టం ప్రకారం మీ దగ్గర తుపాకీ ఉండకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. రైఫిల్ కొనబోయే ముందే ఆ లైసెన్స్ తీసుకోండి.