మునుగోడు ఉప ఎన్నిక: మా బడిలోని బూత్, మూడు మిషన్లు, అమ్మ ఓటు

2022 నవంబర్ 3న మా ఊరి బడిలో ఓటు వేశాం. మా అమ్మకు 68 ఏళ్లు, చదువు రాదు. ఆమె ఎవరి సాయం లేకుండా తన ఓటు తాను వేసుకోగలిగిందా అన్నదే ఆ బూత్‌కు నేను పెట్టిన పరీక్ష. మార్కులు 5కి 4.

మా ఎమ్మెల్యే రాజగోపాల్ రెడ్డి రాజీనామాతో వచ్చిన ఉప ఎన్నికలో 47 మంది నిలబడ్డారు. ఒక బ్యాలెట్ యూనిట్‌లో, అంటే బటన్ నొక్కి ఓటేసే మిషన్‌లో, 16 బటన్లే పడతాయి కనుక బల్ల మీద మూడు పక్కపక్కనే పెట్టారు. నోటాతో కలిపి సరిగ్గా 48, ఒక్క గడి కూడా మిగల్లేదు. ఊళ్లో అందరి టెన్షన్ గుర్తుల గురించే. రోడ్డు రోలర్, చపాతీ కర్ర లాంటివి తమ కారు గుర్తును పోలి ఉన్నాయని టీఆర్ఎస్ అభ్యంతరం చెప్పింది. ఒక అభ్యర్థికి వచ్చిన రోడ్డు రోలర్‌ను ఇక్కడ ఎన్నిక నడిపే రిటర్నింగ్ అధికారి మార్చేస్తే, ఎన్నికల సంఘం ఆ గుర్తును మళ్లీ ఇప్పించి, ఆ అధికారిని తప్పించింది. బొమ్మను బట్టే ఓటేసే మా అమ్మలాంటి వాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

"గిన్ని బొమ్మలల్ల మనది యాడ దొరుకుతది కొడుకా?" అని అమ్మ పొద్దున్నుంచే అడుగుతోంది. లోపలున్న సిబ్బంది మాత్రం నిజంగా ఓపిక ఉన్నవాళ్లు. అమ్మను తొందరపెట్టలేదు, ఎవరికి వేయాలనీ అనలేదు. బటన్ నొక్కాక, ఓటు ఎవరికి పడిందో చూపే చీటీ కోసం పక్కనున్న వీవీప్యాట్ మిషన్ అద్దంలోకి చూడమని మాత్రం చెప్పారట. బ్యాలెట్ యూనిట్ మీద గుర్తుల పక్కన ఫొటోలు ఉండటం అమ్మకు బాగా పనికొచ్చింది. ఆ చీటీ మీద మాత్రం ఫొటో ఉండదు, నంబరు, పేరు, గుర్తు ఉంటాయి. అది కనబడేది 7 సెకన్లే. అమ్మ బయటికొచ్చి, "నేనేసిన గుర్తే పడ్డది, నా కండ్లతోని చూసిన" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడాలి! ఎవరికి వేసిందో నేను అడగలేదు.

ఒక మార్కు తగ్గించింది వరుస దగ్గర. ఆడవాళ్ల లైనులో అమ్మ రెండు గంటలకు పైగా నిలబడింది. అక్కడ ఒక్క కుర్చీ లేదు. మాది మర్రిగూడ వైపు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లు వంగని పెద్దలు ఇంటికొకరు ఉంటారు. అప్పట్లో 80 దాటినవాళ్లకు ఇంటి దగ్గరే ఓటు వేసే వీలుండేది, అమ్మ వయసు వాళ్లకు లేదు. నియోజకవర్గం మొత్తంలో 93 శాతం ఓట్లు పడ్డాయంటే, ఇలా నొప్పులు ఓర్చుకుని నిలబడ్డవాళ్లు ఎంతమందో!

మూడు రోజులకు నల్గొండలో లెక్కించారు. టీఆర్ఎస్ అభ్యర్థి కూసుకుంట్ల ప్రభాకర్ రెడ్డి 10,309 ఓట్ల తేడాతో గెలిచారు. అమ్మ టీవీ ముందు మంచం మీద కాళ్లు చాపుకుని, మోకాళ్లకు నూనె రాసుకుంటూ చివరి రౌండు దాకా చూసింది. ఓటు రోజు లైను దగ్గర, పక్క తరగతి గదిలోని బెంచీలు నాలుగు బయట వేసినా సరిపోయేది.